97 బంతులు: షికాగో కబ్స్, క్లీవ్‌ల్యాండ్ 2016 వరల్డ్ సిరీస్ రివ్యూ

నమస్కారం అండీ. ఈరోజు 2016 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ గురించి మాట్లాడుకుందాం. ఒకవైపు షికాగో కబ్స్, ఇంకోవైపు క్లీవ్‌ల్యాండ్. గత రెండు వారాల్లో ఏడు మ్యాచ్‌లూ మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా మళ్లీ చూశాను. ఈ సిరీస్ జరిగినప్పుడు నేను షికాగోలోనే చదువుకుంటున్నాను. అప్పుడు రూమ్‌లో నలుగురం కూర్చుని చూశాం. కానీ ఆట సగమే అర్థమైంది. ఊరంతా శాపం, శాపం అంటుంటే మేమూ అదే నమ్మాం. ఇప్పుడు తీరిగ్గా చూస్తే నాకు ఇందులో ఇంకో కథ కనిపించింది. అదే మీకు చెప్పాలని ఈ వీడియో.

బేస్‌బాల్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో నేషనల్ లీగ్, అమెరికన్ లీగ్ అని రెండు లీగ్‌లు. ఒక్కో దాంట్లో 15 జట్లు. సీజన్‌లో ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. చివరికి ఈ లీగ్ విజేత, ఆ లీగ్ విజేత తలపడతారు. అదే వరల్డ్ సిరీస్. ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే కప్పు. మ్యాచ్‌కి 9 ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లకీ మూడేసి అవుట్‌లు. ఇంత తెలిస్తే చాలు.

కబ్స్ అంతకు ముందు కప్పు గెలిచింది 1908లో. అప్పటికి మన దేశానికి రాజధాని ఇంకా కలకత్తా. వరల్డ్ సిరీస్ దాకా చివరిసారి వచ్చింది 1945లో. ఆ ఏడాది విలియం సియానిస్ అనే బార్ యజమాని తన మేకను వెంటబెట్టుకుని స్టేడియానికి వచ్చాడట. మేకను లోపలికి రానివ్వలేదని కోపంతో, ఈ జట్టు ఇక గెలవదని శపించాడని చెప్పుకుంటారు. క్లీవ్‌ల్యాండ్ కూడా తక్కువ తినలేదు. వాళ్లు చివరిసారి గెలిచింది 1948లో. అప్పట్లో ఆ జట్టు పేరు ఇండియన్స్. మన దేశంతో సంబంధం లేదు, అక్కడి మూలవాసులను ఉద్దేశించి పెట్టిన పేరు. దాని మీద ఎన్నో ఏళ్లు అభ్యంతరాలు వచ్చాయి. 2022 సీజన్ నుంచి గార్డియన్స్ అని మార్చారు. నేను క్లీవ్‌ల్యాండ్ అనే అంటాను.

ఇంకో బంధం ఉంది. కబ్స్‌ని కట్టిన థియో ఎప్‌స్టీన్, క్లీవ్‌ల్యాండ్ మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా, ఇద్దరూ 2004లో బోస్టన్‌లో కలిసి పనిచేశారు. 86 ఏళ్ల తర్వాత బోస్టన్‌కి కప్పు తెచ్చింది ఈ జోడీనే. పన్నెండేళ్ల తర్వాత ఇద్దరూ ఎదురెదురు. 2012లో 101 మ్యాచ్‌లు ఓడిన కబ్స్‌ని ఎప్‌స్టీన్ నాలుగేళ్లలో 103 గెలిచే జట్టుగా చేశాడు.

సరే, మ్యాచ్‌ల్లోకి వెళ్దాం. మొదటి మ్యాచ్ అక్టోబర్ 25న, క్లీవ్‌ల్యాండ్‌లో. వాళ్ల ముఖ్య పిచర్, అంటే బంతి విసిరే బౌలర్ లాంటివాడు, కోరీ క్లూబర్ మొదటి మూడు ఇన్నింగ్స్‌లోనే 8 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. అంటే ఆ 8 మందీ బంతిని మైదానంలోకి కొట్టలేకే వెనక్కి వెళ్లారు. వరల్డ్ సిరీస్‌లో అంతకు ముందు ఎవరూ అలా చేయలేదు. బంతి బ్యాటర్ వైపు వస్తూ వస్తూ చివరి క్షణంలో పక్కకి జారిపోతుంది. మళ్లీ చూసినా ఒళ్లు జలదరించింది. క్లీవ్‌ల్యాండ్ 6-0. ఈ క్లూబర్‌ని గుర్తు పెట్టుకోండి. ఏడో మ్యాచ్ దగ్గర మళ్లీ వస్తాడు.

రెండో మ్యాచ్ కబ్స్ 5-1తో గెలిచింది. ఇక్కడ కైల్ ష్వార్బర్ గురించి చెప్పాలి. సీజన్ మూడో మ్యాచ్‌లోనే అతని మోకాలి లిగమెంట్ తెగింది. ఈ ఏడాదికి ఇక ఆడడని అందరూ అనుకున్నారు. ఆరు నెలల తర్వాత నేరుగా వరల్డ్ సిరీస్‌లో బ్యాట్ పట్టుకుని వచ్చి రెండో మ్యాచ్‌లో రెండు పరుగులు రాబట్టాడు. అదీ ఒక రూల్ పుణ్యమా అని. అప్పట్లో అమెరికన్ లీగ్ మైదానాల్లో పిచర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే ఆటగాడిని పెట్టుకోవచ్చు. నేషనల్ లీగ్ మైదానాల్లో పిచరే బ్యాట్ పట్టాలి. ష్వార్బర్‌కి ఫీల్డింగ్ చేయడానికి డాక్టర్లు ఒప్పుకోలేదు. కాబట్టి క్లీవ్‌ల్యాండ్‌లో మ్యాచ్ అయితే మొత్తం ఆడగలడు. సొంతూరు షికాగోలో అయితే బెంచ్ మీద కూర్చోవాలి, మహా అయితే ఎవరి బదులైనా ఒక్కసారి బ్యాటింగ్‌కి వెళ్లగలడు. సొంత మైదానం కంటే ఎదుటివాళ్ల మైదానమే కబ్స్‌కి అనుకూలం కావడం విచిత్రం. ఆ ఏడాది జూలైలో జరిగిన ఆల్ స్టార్ మ్యాచ్‌లో అమెరికన్ లీగ్ గెలిచింది కాబట్టి నాలుగు మ్యాచ్‌లు క్లీవ్‌ల్యాండ్‌కి వచ్చాయి. ఆరు, ఏడు కూడా అక్కడే. పేరుకి అది క్లీవ్‌ల్యాండ్‌కి లాభం. కబ్స్‌కి మాత్రం ష్వార్బర్ దక్కాడు. టీవీలో ఈ విషయాన్ని చాలా తక్కువ చెప్పారు. నాకైతే సిరీస్ సగం ఇక్కడే తేలిపోయిందనిపిస్తుంది.

మూడో మ్యాచ్ రిగ్లీ ఫీల్డ్‌లో. 1914లో కట్టిన స్టేడియం అది. ప్రహరీ గోడల మీద పచ్చటి తీగ అల్లుకుని ఉంటుంది. 71 ఏళ్ల తర్వాత అక్కడ వరల్డ్ సిరీస్ మ్యాచ్. టికెట్ కొనే స్తోమత మాకు లేదు. బయట వీధిలో తిరిగి వచ్చేశాం. మ్యాచ్ 1-0. కోకో క్రిస్ప్ అనే సీనియర్ ఆటగాడు ఏడో ఇన్నింగ్స్‌లో ఇంకొకరి బదులు బ్యాటింగ్‌కి వచ్చి కొట్టిన ఒక్క దెబ్బతో క్లీవ్‌ల్యాండ్ గెలిచింది. క్రిస్ప్ పేరు కూడా గుర్తు పెట్టుకోండి. నాలుగో మ్యాచ్ 7-2. షికాగో పక్కనే పెరిగి, చిన్నప్పుడు కబ్స్‌ని ఆరాధించిన జేసన్ కిప్నిస్ మూడు పరుగుల హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటి దెబ్బ, కొట్టి ఆ కబ్స్‌నే ముంచాడు. క్లీవ్‌ల్యాండ్ 3-1. ఇంకొక్కటి గెలిస్తే కప్పు వాళ్లదే.

ఇక్కడి నుంచి నేను చెప్పాలనుకున్న కథ మొదలవుతుంది.

అరోల్డిస్ చాప్‌మన్. కబ్స్ చివరి ఓవర్ల బౌలర్ లాంటివాడు అనుకోండి. 2010లో గంటకి 105.1 మైళ్ల వేగంతో, అంటే దాదాపు 169 కిలోమీటర్లతో బంతి విసిరాడు. ఇలాంటి పిచర్‌ని మామూలుగా ఒక్క ఇన్నింగ్స్‌కే, మూడు అవుట్‌లకే వాడతారు. ఐదో మ్యాచ్‌లో కబ్స్ 3-2 ఆధిక్యంలో ఉంది, ఓడితే ఇంటికే. మేనేజర్ జో మాడన్ అతన్ని ఏడో ఇన్నింగ్స్‌లోనే దించాడు. 8 అవుట్‌లు, 42 బంతులు. తప్పదు, ఒప్పుకుంటాను. కానీ ఆరో మ్యాచ్? అడిసన్ రసెల్ గ్రాండ్ స్లామ్, అంటే ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు, కొట్టేశాడు. ఏడో ఇన్నింగ్స్‌లో కబ్స్ 7-2తో ముందుంది. అక్కడ చాప్‌మన్‌ని మళ్లీ తెచ్చారు. ఇంకో 20 బంతులు. ఆ నిర్ణయం అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాలేదు. ఐదు పరుగుల ఆధిక్యం కాపాడటానికి మిగతా పిచర్లు లేరా? మర్నాడు ఏడో మ్యాచ్ ఉందని తెలుసు కదా.

క్లీవ్‌ల్యాండ్‌దీ అదే పరిస్థితి, కాకపోతే వాళ్లకి వేరే దారి లేదు. ఇద్దరు ముఖ్య పిచర్లు, కరాస్కో, సలజార్, సీజన్ చివర్లో గాయపడ్డారు. అందుకే క్లూబర్‌ని ఒకటి, నాలుగు, ఏడు మ్యాచ్‌ల్లో దించారు. మధ్యలో మూడేసి రోజుల విశ్రాంతి మాత్రమే. అతని తర్వాత వచ్చే ఆండ్రూ మిల్లర్‌నీ అక్టోబర్ అంతా అలాగే వాడారు.

ఇక నవంబర్ 2, ఏడో మ్యాచ్. మన దగ్గర 3వ తేదీ ఉదయం 5:30కి మొదలైంది. మొదటి బ్యాటర్ డెక్స్టర్ ఫౌలరే క్లూబర్ మీద హోమ్ రన్. మొదటి మ్యాచ్‌లో మూడు ఇన్నింగ్స్‌లకి 8 స్ట్రైక్ అవుట్‌లు తీసిన క్లూబర్ ఈ మ్యాచ్‌లో ఎన్ని తీశాడో తెలుసా? ఒక్కటీ లేదు. అదే మనిషి, అదే విసురు. కానీ బంతి ఇప్పుడు ఆఖర్లో జారడం లేదు. బ్యాటర్ ముందు వేలాడుతోంది. మొదటి మ్యాచ్‌దీ ఏడో మ్యాచ్‌దీ పక్కపక్కన పెట్టి చూడండి, నేను మాటల్లో చెప్పలేనిది కనిపిస్తుంది. ఐదో ఇన్నింగ్స్‌లో బాయెజ్ హోమ్ రన్ కొట్టాక అతన్ని తీసేశారు. మిల్లర్ వచ్చాడు, అతనూ రెండు పరుగులు ఇచ్చాడు. అందులో ఒకటి డేవిడ్ రాస్ కొట్టిన హోమ్ రన్. 39 ఏళ్ల వికెట్ కీపర్ లాంటి ఆటగాడు, కెరీర్‌లో అదే చివరి మ్యాచ్. కబ్స్ 6-3.

ఎనిమిదో ఇన్నింగ్స్. రెండు అవుట్‌లు అయ్యాయి. ఒకరు బేస్ మీద, అంటే పరుగు పూర్తి చేసే దారిలో మధ్య మజిలీ దగ్గర ఉన్నారు. మాడన్ చాప్‌మన్‌ని పిలిచాడు. వచ్చీ రాగానే గయర్ కొట్టాడు, 6-4. తర్వాత రజై డేవిస్. ఎదుటివాళ్ల కన్నుగప్పి తర్వాతి బేస్‌కి పరిగెత్తడంలో పేరున్నవాడు తప్ప హోమ్ రన్‌ల మనిషి కాదు. అతని చేతులు చూడండి. బ్యాట్ అడుగున కాకుండా బాగా పైకి పట్టుకున్నాడు, బలంగా కాదు, త్వరగా తిప్పడానికి. చాప్‌మన్ వేసిన బంతి మామూలు మనిషికి వేగమే, కానీ చాప్‌మన్‌కి అది తగ్గిన వేగం. డేవిస్ కొట్టాడు. బంతి లెఫ్ట్ ఫీల్డ్ గోడ దాటింది. 6-6.

మా రూమ్‌లో ఎవరూ మాట్లాడలేదు. కింద వీధిలో కూడా చప్పుడు ఆగిపోయింది. మూడు మ్యాచ్‌ల్లో 97 బంతులు వేయించిన చేయి అది. ఐదో మ్యాచ్‌లో 42, ఆరులో 20, ఏడులో 35. 108 ఏళ్ల శాపం అని కామెంటేటర్లు మాట్లాడుతున్నారు. నాకు ఇప్పుడు ఆరో మ్యాచ్‌లో వృథా చేసిన ఆ 20 బంతులే కనిపిస్తున్నాయి. అంత అలసటలోనూ తొమ్మిదో ఇన్నింగ్స్‌కి మళ్లీ వచ్చి వరసగా ముగ్గురిని అవుట్ చేశాడు చూడండి, చాప్‌మన్‌కి దానికి దండం పెట్టాలి. ఆ ఇన్నింగ్స్ గురించి ఎవరూ మాట్లాడరు.

తొమ్మిది ఇన్నింగ్స్ అయిపోయాయి, సమానం. అప్పుడు వాన. 17 నిమిషాలు ఆట ఆగింది. నేను ఏలూరులో నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ ఉదయం తొమ్మిదిన్నర. "వాన పడితే డక్‌వర్త్ లూయిసా?" అని అడిగారు. "లేదు నాన్నా, తగ్గాక ఇక్కడి నుంచే ఆడతారు" అన్నాను. "అయితే మంచిదే, కాస్త ఊపిరి తీసుకుంటారు" అన్నారు. నిజంగా అదే జరిగింది. జేసన్ హేవర్డ్ జట్టునంతా పక్కనున్న జిమ్ గదిలోకి పిలిచి మాట్లాడాడు. 184 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ తీసుకుని ఆ ఏడాదంతా బ్యాటింగ్‌లో విఫలమైనవాడు. అందరూ తిట్టిన మనిషే ఆ గదిలో అందరికీ ధైర్యం చెప్పాడు.

పదో ఇన్నింగ్స్ ఎవరితో మొదలైంది? ష్వార్బర్‌తో. కొట్టి మొదటి బేస్‌కి చేరాడు. అతని బదులు పరిగెత్తడానికి అల్మోరా వచ్చాడు. బ్రయంట్ దూరంగా కొట్టిన బంతిని క్యాచ్ పట్టగానే అల్మోరా రెండో బేస్‌కి దూకాడు. చిన్న పరుగే, కానీ సిరీస్‌లో అంత తెలివైన పరుగు ఇంకోటి లేదు. బెన్ జోబ్రిస్ట్ లెఫ్ట్ ఫీల్డ్ గీత వెంట కొట్టాడు, 7-6. సిరీస్ ఉత్తమ ఆటగాడి అవార్డు అతనికే. మొంటేరో ఇంకోటి తెచ్చాడు, 8-6.

క్లీవ్‌ల్యాండ్ ఆఖరి ప్రయత్నంలో రెండు అవుట్‌ల తర్వాత మళ్లీ డేవిసే ఒక పరుగు తెచ్చాడు, 8-7. తర్వాతి బ్యాటర్‌గా రావాల్సింది కోకో క్రిస్ప్. కానీ అతను లేడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఫీల్డింగ్ కోసం ఫ్రాంకోనా అతన్ని తీసేసి మైకేల్ మార్టినెజ్‌ని పెట్టాడు. మార్టినెజ్ మంచి ఫీల్డరే, బ్యాట్ అంతంత మాత్రం. బంతి నెమ్మదిగా మూడో బేస్ వైపు దొర్లింది. బ్రయంట్ నవ్వుతూనే అందుకున్నాడు, తడి గడ్డి మీద కాలు జారింది, అయినా విసిరాడు. మొదటి బేస్ దగ్గర రిజ్జో పట్టుకుని, బంతిని వెనక జేబులో పెట్టుకున్నాడు. అదే చివరి అవుట్, కప్పు కబ్స్‌దే.

తర్వాతి రోజు రిగ్లీ ఫీల్డ్‌కి వెళ్లాను. బయటి ఇటుక గోడంతా సుద్దముక్కలతో రాసిన పేర్లు. ఈ రోజు చూడకుండానే చనిపోయిన అమ్మల పేర్లు, నాన్నల పేర్లు, తాతల పేర్లు. చేతికి అందే చోటల్లా నిండిపోయి, జనం ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి రాస్తున్నారు. నా దగ్గర సుద్దముక్క లేదు. పక్కనున్న పెద్దావిడ తన దాంట్లోంచి సగం విరిచి ఇచ్చారు. మా తాతయ్య రేడియోని చెవికి ఆనించుకుని కామెంటరీ వినేవారు. ఆయన పేరు తెలుగులో రాశాను. ఆవిడ అది ఏ భాష అని అడగలేదు, ఎవరని అడిగారు. చెప్పాను.

మొత్తం చూసే టైమ్ లేనివాళ్లు మొదటి మ్యాచ్‌లో మూడు ఇన్నింగ్స్, ఏడో మ్యాచ్ ఐదో ఇన్నింగ్స్ నుంచి చివరిదాకా చూడండి. రెండు, నాలుగు వదిలేసినా పర్లేదు. ఐదో మ్యాచ్ చివరి మూడు ఇన్నింగ్స్ మాత్రం చాప్‌మన్ కోసం చూడాలి. నా రేటింగ్ 5కి 5. క్లీవ్‌ల్యాండ్ అభిమానులు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, 1948 తర్వాత మీ నిరీక్షణ ఇంకా సాగుతోంది. మీ జట్టు గెలిచిన రోజు ఏడు మ్యాచ్‌లూ చూసి వీడియో చేస్తాను. ఉంటానండీ.