బాకీ ఉంటే కరెంటు కంపెనీ మారకూడదా? బ్రిటన్‌లో 28 రోజుల రూల్ మనల్ని ఎలా కట్టేస్తోందో చూడండి

నమస్కారం. ఉపోద్ఘాతం లేకుండా నేరుగా విషయంలోకి వెళ్తాను. బ్రిటన్‌లో మీరు కరెంటు కంపెనీకి బాకీ పడితే, మిమ్మల్ని ఇంకో కంపెనీకి వెళ్లనివ్వకుండా ఆపే 28 రోజుల రూల్ ఒకటి ఉంది కదా. అది బాకీ వసూలు చేసుకోవడానికి ఉన్న రూల్ అని అందరూ అనుకుంటారు. నేను మాత్రం ఒప్పుకోను. అది కస్టమర్‌ని కదలకుండా కట్టిపడేయడానికి పనికొస్తున్న రూల్. అలా ఎందుకంటున్నానో వీడియో అయ్యేలోపు మీకే అర్థమవుతుంది.

బ్యాక్‌గ్రౌండ్ మీకు తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. ప్రైస్ క్యాప్ అంటే కంపెనీలు వేయగల కరెంటు, గ్యాస్ రేటుకి పెట్టిన హద్దు. 2021 అక్టోబర్‌లో ఒక సాధారణ ఇంటికి ఏడాదికి 1,277 పౌండ్లు ఉన్న ఆ క్యాప్ 2022 అక్టోబర్‌కి 3,549 పౌండ్లకి ఎగబాకింది. ప్రభుత్వం మధ్యలో దూరి 2,500 దగ్గర ఆపింది. ఆపినా దాదాపు రెట్టింపే. ఆ చలికాలం మిగిల్చిన బాకీలు ఇంకా తీరలేదు. ఇప్పుడు ఇళ్ల కరెంటు, గ్యాస్ బాకీలన్నీ కలిపితే 400 కోట్ల పౌండ్లు దాటిపోయాయి.

ఇప్పుడు రూల్ ఏమిటో చూద్దాం. మీది మామూలు మీటర్, నెలనెలా డైరెక్ట్ డెబిట్‌లో, అంటే బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే పోయేలా కడతారు లేదా బిల్లు వచ్చాక కడతారు అనుకోండి. బాకీ పడి 28 రోజులు దాటకపోతే మీరు హాయిగా కంపెనీ మారవచ్చు. పాత బాకీ ఫైనల్ బిల్లులో కలిసి వస్తుంది, అది కట్టేస్తే సరి. కానీ 28 రోజులు దాటిందా, పాత కంపెనీ ఆబ్జెక్షన్ పెట్టి మీ స్విచ్‌ని, అంటే కంపెనీ మారడాన్ని, ఆపేయవచ్చు. ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. ఆపి తీరాలని వాళ్లనెవరూ బలవంతం చేయడం లేదు. ఆపాలా వద్దా అనేది పూర్తిగా వాళ్ల ఇష్టం. రెగ్యులేటర్ ఆఫ్‌జెమ్ ఇచ్చిన అవకాశాన్ని వాడుకోవాలని వాళ్లే నిర్ణయించుకుని వాడుకుంటున్నారు.

మరి ప్రీపేమెంట్ మీటర్, అంటే ముందే డబ్బు వేసుకుని వాడుకునే మీటర్ ఉన్నవాళ్ల సంగతి? షాపుకి వెళ్లి మీటర్‌లో పెట్టే కీలో డబ్బులు వేయించుకునేవాళ్లు, యాప్‌లో టాప్ అప్ చేసుకునేవాళ్లు. వాళ్లకి కరెంటు మీద 500 పౌండ్లు, గ్యాస్ మీద ఇంకో 500 పౌండ్ల దాకా బాకీ ఉన్నా కంపెనీ మారవచ్చు. ఆ బాకీ వాళ్లతో పాటే కొత్త కంపెనీకి వెళ్తుంది. టాప్ అప్ చేసినప్పుడల్లా కొంచెం కొంచెం కోసుకుంటారు. దీనికి డెట్ అసైన్‌మెంట్ ప్రోటోకాల్ అని ఒక పద్ధతే ఉంది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కీ మీటర్ ఉన్న ఇంట్లో కరెంటు మీద 450 పౌండ్ల బాకీ ఉన్నా గేటు తెరిచే ఉంది. పక్కింట్లో డైరెక్ట్ డెబిట్ ఉన్నాయన 60 పౌండ్లు బాకీ పడి నెల దాటితే గేటు మూసేస్తారు. 450కి వెళ్లొచ్చు, 60కి వెళ్లకూడదు! ఇందులో న్యాయం ఎక్కడుందో ఎవరైనా చెప్పండి.

బాకీని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చడం కుదరని పని అంటే నేను ఒప్పుకునేవాణ్ణి. కానీ ఏళ్ల తరబడి మారుస్తూనే ఉన్నారు కదా! పద్ధతి ఉంది, కాగితాలు ఉన్నాయి, సిస్టమ్స్ ఉన్నాయి. అదే పద్ధతి మామూలు మీటర్ వాళ్లకి ఎందుకు పెట్టరు? నాకు తోచే జవాబు ఒక్కటే. ప్రీపేమెంట్ కస్టమర్ ముందే డబ్బు కడతాడు, అతని మీద పెద్దగా మిగిలేది ఉండదు, పోతే పోయాడు. డైరెక్ట్ డెబిట్ కస్టమర్ అలా కాదు. నెలనెలా ఖాతాలోంచి డబ్బు వచ్చిపడుతూనే ఉంటుంది, కొంచెం బాకీ ఉన్నా మొత్తానికి కట్టేవాడే. అలాంటివాణ్ణి వదులుకోవాలని ఏ కంపెనీకి ఉంటుంది?

కంపెనీల వాదన నాకు తెలుసు. రూల్ తీసేస్తే జనం ఒకచోట ఎగ్గొట్టి ఇంకోచోటికి, అక్కడ ఎగ్గొట్టి మరోచోటికి పోతారు అంటారు. అయ్యా, కంపెనీ మారితే బాకీ ఎక్కడికి పోతుంది? ఫైనల్ బిల్లు ఆరు వారాల్లో ఇవ్వాలి. కట్టకపోతే డెట్ కలెక్టర్లు ఉన్నారు, కోర్టు ఉంది, క్రెడిట్ ఫైల్ ఉంది. ముక్కు పిండి వసూలు చేసే దారులన్నీ వాళ్ల చేతిలోనే ఉన్నాయి. మన ఊళ్లో కిరాణా కొట్టులో ఖాతా ఉన్నవాడు పక్క కొట్లో ఉప్పు కొనకూడదని కొట్టాయన వచ్చి చెయ్యి పట్టుకుంటాడా? నా బాకీ ఎప్పుడు తీరుస్తావని అడుగుతాడు, అడగాలి కూడా. అక్కడితో అతని హక్కు అయిపోయింది.

ఇంకోటి వినండి, ఇది వింటే మీకూ ఒళ్లు మండుతుంది. వసూలు కాని బాకీల ఖర్చు ప్రైస్ క్యాప్‌లోనే కలిపి ఉంటుంది. అది చాలదని 2024 ఏప్రిల్ నుంచి కరెంటు, గ్యాస్ రెండూ తీసుకునే ఇంటి మీద ఏడాదికి ఇంకో 28 పౌండ్లు తాత్కాలికం అని చెప్పి వేశారు. అంటే ఎవరో కట్టని బాకీకి మనందరం కట్టాం. బాకీపడ్డ మనిషి ఖరీదైన టారిఫ్‌లోనే, అంటే ఎక్కువ రేటు ప్లాన్‌లోనే ఉండిపోతే ఏమవుతుంది? అతని బాకీ ఇంకా పెరుగుతుంది. పెరిగింది తీర్చలేకపోతే ఆ ఖర్చు మళ్లీ అందరి మీదా పడుతుంది. చవక టారిఫ్ అందరికన్నా ఎక్కువ అవసరమైన మనిషికే ఆ దారి మూసేయడం ఏం లెక్క? నా దృష్టిలో ఇది బాకీని తగ్గించే రూల్ కాదు, పెంచే రూల్.

మొన్న లండన్‌లోని ఈస్ట్ హామ్ నుంచి ఒక తమ్ముడు తన బిల్లు పంపాడు. మాస్టర్స్ అయిపోయింది, గ్రాడ్యుయేట్ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాడు. ఐదుగురు కుర్రాళ్లు కలిసి ఉన్న ఇల్లు, అకౌంట్ ఇతని పేరు మీద. నలుగురూ ఒక్కొక్కరే ఉద్యోగాల కోసం వేరే ఊళ్లకి వెళ్లిపోయారు, పేరు మాత్రం ఇతనిది మిగిలింది. బిల్లు తీసి చూస్తే నాలుగు నెలలు వరుసగా రీడింగ్ పక్కన ‘ఎస్టిమేటెడ్’ అనే ఉంది. అంటే కంపెనీ అంచనా వేసుకుని తక్కువ రాసింది. ఐదో నెల అసలు రీడింగ్ తీసుకుని తేడా అంతా ఒకేసారి నెత్తిన వేసింది. 180 పౌండ్ల చిల్లర. కొత్త కంపెనీకి అప్లై చేస్తే వారం తిరగకముందే ఆబ్జెక్షన్ మెయిల్. పాపం ఆ అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? “అన్నా, నా వీసాకి ఏమన్నా ప్రాబ్లమ్ అవుతుందా?”

ఈ భయం మనవాళ్లలో చాలామందికి ఉంది కాబట్టి ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఇమ్మిగ్రేషన్ రూల్స్‌లో బాకీల ప్రస్తావన ఉన్న మాట నిజం. ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌కి 500 పౌండ్లు, ఆపైన బాకీ ఉంటే వీసా నిరాకరించవచ్చు. వీసాలు చూసే హోమ్ ఆఫీస్‌కి కోర్టు ఖర్చులు బాకీ ఉన్నా అంతే. ఆ జాబితాలో కరెంటు కంపెనీ లేదు. క్రెడిట్ స్కోర్ దెబ్బతింటుంది, రేపు మార్ట్‌గేజ్‌కి వెళ్తే అడుగుతారు, అది వేరే సంగతి. వీసా పోతుందేమో అన్న భయంతో ఎంత అడిగితే అంతా కట్టేయకండి. పబ్లిక్ ఫండ్స్ లేవు, అంటే ప్రభుత్వ బెనిఫిట్స్ రావు అని వీసా మీద రాసి ఉన్నంత మాత్రాన కస్టమర్‌గా మీ హక్కులు పోవు. బెనిఫిట్స్‌తో ముడిపడిన వార్మ్ హోమ్ డిస్కౌంట్ అనే బిల్లు తగ్గింపు లాంటివి మనకి రాకపోవచ్చు. కానీ కంపెనీ మారే హక్కు, కంప్లయింట్ చేసే హక్కు పాస్‌పోర్ట్ రంగు చూసి ఇచ్చేవి కావు.

సరే, ఆ తమ్ముడి కేసులో అసలు మెలిక ఇక్కడుంది. అతను ప్రతి నెలా యాప్‌లో రీడింగ్ పంపాడు! మీటర్ ఫోటోలు, పంపినట్టు వచ్చిన కన్ఫర్మేషన్ స్క్రీన్‌షాట్లు అన్నీ ఫోన్‌లో తేదీలతో సహా ఉన్నాయి. అంటే ఆ బాకీ కంపెనీ తప్పు వల్ల పుట్టింది. కంపెనీ చేసిన తప్పు వల్ల బాకీ పడితే, దాన్ని చూపించి స్విచ్ ఆపడానికి వీల్లేదు. ఈ ముక్క ఆ మెయిల్‌లో ఉందా? లేదు. “మీరు బాకీ ఉన్నారు, కట్టండి” అంతే. ఇప్పుడు కంప్లయింట్ పెట్టాడు, ఇంకా నడుస్తోంది. 8 వారాల్లో తేల్చకపోయినా, ఇక మా వల్ల తేలదని డెడ్‌లాక్ లెటర్ ఇచ్చినా, ఇలాంటి తగాదాలు తీర్చే ఎనర్జీ ఓంబుడ్స్‌మన్ దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఒక్క పౌండ్ కట్టక్కర్లేదు. వాళ్లిచ్చే తీర్పుని మనం ఒప్పుకుంటే కంపెనీ పాటించి తీరాలి.

దీనికి తోడు 12 నెలల రూల్ ఒకటుంది, 2018 నుంచి అమల్లో ఉంది. కంపెనీ తన తప్పు వల్ల సరిగ్గా బిల్లు వేయకపోతే, ఏడాది కన్నా పాత వాడకానికి ఇప్పుడొచ్చి డబ్బు అడగకూడదు. రెండేళ్ల పాత వాడకమంతా కలిపి ఒకేసారి బిల్లు పంపితే టెన్షన్ పడి కార్డు తీయకండి. ముందు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వేశారో చూడండి.

ఇక్కడ మన దేశం సంగతి కొంచెం చెప్పాలి. మనవాళ్లు ఇక్కడ చేసే తప్పులకి మూలం అక్కడే ఉందని నా నమ్మకం. హైదరాబాద్‌లో ఇంటికి ఒకటే డిస్కమ్, మారడానికి ఇంకో కంపెనీయే లేదు. బకాయి సర్వీస్ నంబర్‌ని పట్టుకుని ఉంటుంది. ఇల్లు కొన్నవాడు పాత ఓనర్ బకాయి కట్టాకే కొత్త కనెక్షన్ ఇస్తామని నిబంధన పెట్టవచ్చని 2023 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకే ఇల్లు చూడ్డానికి వెళ్తే కరెంటు బిల్లు క్లియరా అని మన నాన్నలు మొదట అడుగుతారు. బ్రిటన్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ బాకీ ఇంటిని పట్టుకోదు, మనిషిని పట్టుకుంటుంది. ఇది తెలియక మనవాళ్లు రెండు రకాలుగా దెబ్బతింటున్నారు.

మొదటిది, ముందు అద్దెకున్నవాడి బాకీ కట్టేయడం. స్లౌలోనో లెస్టర్‌లోనో కొత్త ఇంట్లో దిగుతారు, కీ మీటర్ ఉంటుంది, పాత కీ కిచెన్ డ్రాయర్‌లో కనిపిస్తుంది. షాపుకి తీసుకెళ్లి 20 పౌండ్లు వేయించి మీటర్‌లో పెడితే అందులో కొంత మాయం! మీటర్ ఇంకా పాతవాడి బాకీ కోసుకుంటోందన్నమాట. ఆ కీ ముట్టుకోకండి. ఇంట్లో దిగిన రోజే మీటర్ ఫోటో తీసి, కంపెనీకి ఫోన్ చేసి, మీ పేరు మీద కొత్త కీ అడగండి. ఇప్పటికే కోసేసుకుని ఉంటే టెనెన్సీ అగ్రిమెంట్ చూపించి వెనక్కి ఇవ్వమనండి. రెండోది, ఇల్లు ఖాళీ చేస్తే బాకీ కూడా పోయిందనుకోవడం. పోదు. మీ పేరు మీద కూర్చుని ఉంటుంది, మీరు ఏ ఊరికి మారినా వెతుక్కుంటూ వస్తుంది. అయితే 28 రోజుల ఆబ్జెక్షన్ పాత ఇంట్లో ఉండి కంపెనీ మారేవాళ్లకి. కొత్త ఇంట్లో మీరు ఇంకో కంపెనీతో మొదలుపెడితే పాత కంపెనీ దాన్ని ఆపలేదు.

మరి బాకీ నిజంగా మనదే, 28 రోజులు దాటింది, మామూలు మీటర్. అప్పుడేం చేయాలి? మొదట అదే కంపెనీలో ఇంతకన్నా చవక టారిఫ్ ఏముందో అడగండి. తర్వాత వాయిదాలు. మీరు ఎంత కట్టగలరో లెక్కలోకి తీసుకునే వాయిదా పెట్టాలి, ఇది వాళ్లు పాటించాల్సిన రూల్. నెలకి 80 అంటే తలూపేయకండి. జీతం, అద్దె, ఖర్చు కాగితం మీద రాసి చూపించి 25 అనండి. ఫోన్‌లో తేలకపోతే సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థ దగ్గరికి వెళ్లండి, ఉచితం. బాకీలు అన్ని వైపుల నుంచీ ముసురుకుంటే ఇంగ్లండ్, వేల్స్‌లో బ్రీతింగ్ స్పేస్ అని ఉంది. 60 రోజులు వడ్డీలు, వసూలు నోటీసులు ఆగిపోతాయి. ఇంకో మాట, ఆ 28 రోజుల లెక్క మీ చేతిలో కూడా ఉంది. బిల్లు పెద్దగా వచ్చింది, మారాలనుకుంటున్నారు అంటే వచ్చే నెల చూద్దాంలే అనకండి. 2022 జులై నుంచి స్విచ్ 5 పని దినాల్లో అయిపోతోంది. బిల్లు వచ్చిన వారంలోనే అప్లై చేస్తే వాళ్లు ఆబ్జెక్షన్ పెట్టే లోపే మీరు బయటపడతారు. బాకీ ఎగ్గొట్టమని చెప్పడం లేదు. ఫైనల్ బిల్లులో ప్రతి పౌండ్ కట్టండి. కానీ చవక టారిఫ్‌లోకి వెళ్లి కట్టండి.

ఆఫ్‌జెమ్‌ని నేను అడిగేది ఒకటే. ప్రీపేమెంట్ వాళ్లకి ఇచ్చిన ఆ 500 పౌండ్ల పద్ధతిని అందరికీ ఇవ్వండి. బాకీ మనిషితో పాటు వెళ్లనివ్వండి, కొత్త కంపెనీ వాయిదాల్లో వసూలు చేసుకుంటుంది. మీ ఎంపీకి రాయడానికి నాలుగు వాక్యాల లెటర్ తయారుచేశాను, కింద డిస్క్రిప్షన్‌లో ఉంది. మీ పేరు, పోస్ట్‌కోడ్ వేసి పంపండి. ఓటు హక్కు ఉందో లేదో అని ఆలోచించకండి, ఆ నియోజకవర్గంలో ఉంటున్నారంటే చాలు. ఆబ్జెక్షన్ మెయిల్ వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే అకౌంట్ నంబర్ చెరిపేసి నాకు పంపండి. వచ్చే వీడియోలో ఒక్కొక్కటీ తెరిచి, ఏది చెల్లుతుందో ఏది చెల్లదో మీ ముందే చూద్దాం.