రోహిణి కార్తె, చించిల్లా

శ్రోతలకు నమస్కారం. ఈ పూట ఇంట్లో పెంచుకునే చించిల్లా గురించి మాట్లాడుకుందాం. ఎలుక జాతి జంతువు, ఉడత తోక, పెద్ద పెద్ద గుండ్రటి చెవులు, బరువు అర కిలోకు అటూ ఇటూ. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. పగలంతా రాళ్ల సందుల్లో నిద్ర, పొద్దుగూకినాక తిండి, గంతులు.

దీని కథంతా బొచ్చులోనే ఉంది. మన తలమీద ఒక్కో కుదురు నుంచి ఒకటో రెండో వెంట్రుకలు మొలుస్తాయి. చించిల్లాకు ఒక్క కుదురు నుంచే 50, 60. పేను దూరాలన్నా సందుండదు. ఏ నక్కో పట్టుకుంటే ఆ చోట బొచ్చు కుచ్చులా ఊడి నక్క నోట్లో మిగులుతుంది, ఇది తప్పించుకుంటుంది. గట్టిగా పట్టుకుంటే మన చేతిలోనూ అంతే. అందుకే లేపేటప్పుడు ఒక చేయి రొమ్ము కింద, ఇంకో చేయి వెనక కాళ్ల కింద.

స్నానం నీళ్లతో కాదు, దుమ్ముతో. పిచ్చుక మట్టిలో పొర్లడం చూసే ఉంటారు, అట్లాగే. దుమ్మంటే ఏ దుమ్మయినా కాదు. ఒంటి నూనెను, చెమ్మను పీల్చే మెత్తటి అగ్నిపర్వత రాతి పొడి కావాలి. చించిల్లా డస్ట్ అని అడగాలి. మొరం వద్దు, గోదావరి ఇసుక అసలే వద్దు. ఇసుక రవ్వ వెంట్రుకను కోస్తుంది, నూనెను పీల్చదు. బరువైన గిన్నెలో రెండు అంగుళాల లోతు పోసి, వారానికి రెండు మూడు సార్లు, సాయంత్రం పూట, పది పదిహేను నిమిషాలు. ఆ తర్వాత గిన్నె తీసేయాలి. వదిలేస్తే అందులోనే ఉచ్చ పోస్తుంది, కళ్లు మండుతాయి, చర్మం పొడిబారుతుంది. ముద్దొచ్చి నీళ్లు పోశారో, అంత ఒత్తు బొచ్చు లోపల ఆరక తామర పడుతుంది.

ఇక మన వరంగల్ సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం. ఈ ప్రాణికి 25 డిగ్రీలు దాటితేనే కష్టం, 27 దాటితే ప్రాణానికే ముప్పు. 1923లో చాప్‌మన్ అనే గని ఇంజనీరు 11 చించిల్లాలను చిలీ నుంచి అమెరికాకు తీసుకుపోయాడు. కొండ మీది నుంచి నెలల తరబడి ఆగి ఆగి దించాడు, ఓడలో ఐసు పెట్టి చల్లగా ఉంచాడు. వేడి అంటే అంత భయం.

ఫ్యాను పెడితే సరిపోదా? సరిపోదు. ఫ్యాను గాలికి మన చెమట ఆరుతుంది కాబట్టి మనకు హాయి. చించిల్లాకు చెమటే పట్టదు. దానికది వడగాలే. మరి కూలర్? కూలర్ ఇంకో చిక్కు, గదిలో చెమ్మ నింపుతుంది. పెంచేవాళ్లు ఒక లెక్క చెప్తారు: ఫారెన్‌హీట్‌లో వేడి, చెమ్మ శాతం, రెండూ కలిపి 150 దాటకూడదు. కూలర్ గదిలో 86 డిగ్రీలు, చెమ్మ 70 ఉందనుకోండి, 156. అయిపోయింది. ఏసీ లేని ఇంట్లో చించిల్లా వద్దనే నా మాట.

ఏసీ ఉన్నా కరెంటు పోతుంది కదా. మన దగ్గర గ్రానైటుకు కొదవ లేదు. అడుగు పొడవు ముక్కలు రెండు తెచ్చి, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి బోనులో. పొట్ట ఆనించి దానంతటదే పడుకుంటుంది. అంచులు మాత్రం అరగదీయించండి. బోను కిటికీ పక్కన, పై అంతస్తు రేకుల కింద పెట్టొద్దు.

చెవులు చూస్తుండండి, దీని ఒంటి వేడి పోయేది ఎక్కువగా అక్కడి నుంచే. చెవులు ఎర్రబడి నరాలు తేలితే మొదటి హెచ్చరిక. పక్కకు ఒరిగి, నోటి వెంట చొంగ కారుస్తూ, గబగబా ఊపిరి తీస్తుంటే వడదెబ్బే. ఐసు నీళ్లలో ముంచొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. మామూలు చల్లటి నీళ్లలో దూది ముంచి చెవులకు, పాదాలకు మాత్రమే అద్దండి. వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి. తేరుకున్నట్టు కనిపించినా సరే, వెళ్లాల్సిందే. తీసుకుపోయే డబ్బాలో ఆ ఫ్రిజ్ గ్రానైటు ముక్క పలుచటి పొడిగుడ్డలో చుట్టి పెట్టండి. తడిగుడ్డ కాదు, పొడిగుడ్డ.