నడుముకు కోణమానిని, మనసుకు ప్రశ్నలు

సభాసదులకు నమస్కారం.

అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చినవారికి వెన్ను దెబ్బతిని, దాని వెంబడే డిప్రెషన్ కూడా వస్తే, అక్కడి వెటరన్స్ అఫైర్స్ శాఖ ఆ రెండింటినీ వేరువేరు కొలతలతో కొలుస్తుంది. అందరూ వీఏ అని పిలిచే ఈ శాఖ నిర్ణయించే వైకల్య శాతాన్ని బట్టే నెలనెలా పరిహారం అందుతుంది కనుక, ఆ కొలతల తీరు తెలియకుండా దరఖాస్తు పెట్టినవారు తమకు రావలసినది పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

ముందుగా వెన్ను సంగతి. 2003 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న సూత్రం ప్రకారం, ఆరోగ్యవంతుడి నడుము ముందుకు 90 డిగ్రీలు వంగాలి. గోనియోమీటర్ అనే కోణమానినితో కొలిచినప్పుడు అది 60 దాటి 85 లోపు ఆగితే 10 శాతం, 30 దాటి 60 లోపు ఆగితే 20 శాతం, 30కి మించకపోతే 40 శాతం ఇస్తారు. ఈ లెక్కలో ఆపై శాతాలు రావాలంటే వెన్ను కదలిక లేకుండా వంకరగా బిగుసుకుపోయి ఉండాలి. డిస్కు దెబ్బతిన్నవారికి, డాక్టరు సూచించిన మంచంపట్టు విశ్రాంతి ఏడాదిలో 6 వారాలకు తగ్గకపోతే 60 శాతం ఇచ్చే మరో మార్గం ఉంది గానీ, ఈ రోజుల్లో నడుము నొప్పికి మంచం దిగవద్దని రాసిచ్చే డాక్టరు అరుదు.

ఒక్క పూట తీసిన కొలతను ఏడాది పొడవునా పడే బాధకు గుర్తుగా తీసుకోవడం ఈ పద్ధతిలోని పెద్ద లోపమని నా అభిప్రాయం. 1995లో డెలూకా కేసు తీర్పు దీన్ని కొంత సరిదిద్దింది. నొప్పి తిరగబెట్టిన రోజుల్లో కదలిక ఇంకెంత తగ్గుతుందో కూడా పరీక్షకుడు చూడాలని చెప్పింది. అయితే ఆ రోజుల గురించి నోరు విప్పవలసింది రోగే. ఎలా ఉన్నారంటే బాగానే ఉన్నామని మర్యాదకు బదులిచ్చే మన అలవాటు ఆ గదిలో పనికిరాదు.

డిప్రెషన్‌ను కొలిచే పరికరం లేదు. 0, 10, 30, 50, 70, 100 అనే మెట్లు ఉన్నాయి. ఉద్యోగంలోనూ నలుగురిలోనూ ఆ మనిషి ఎంతవరకు నెగ్గుకు రాగలుగుతున్నాడన్నదాన్ని బట్టి మెట్టు తేలుతుంది. పనిలో నిలకడ తగ్గితే 50. ఉద్యోగం, కుటుంబం, ఆలోచన, నిర్ణయశక్తి వంటి చాలా విషయాల్లో లోపం కనిపిస్తే 70. సూత్రంలో రాసిన లక్షణాలు ఉదాహరణలే తప్ప అన్నీ ఉండి తీరాలన్న నియమం లేదని 2002లో మావర్‌హాన్ కేసు తేల్చింది. అందుకే, ఆయన ఎన్నాళ్లుగా శుభకార్యాలకు రావడం మానేశాడో, పనికి ఎన్ని రోజులు వెళ్లలేకపోయాడో భార్య రాసి ఇచ్చిన ఒక్క పేజీకి ఎంతో విలువ ఉంటుంది.

సైన్యంలో ఉన్నప్పుడు డిప్రెషన్ లేదు కదా అని చాలామంది వెనుకాడతారు. వెన్నునొప్పి సర్వీసు వల్లనే వచ్చిందని వీఏ ఒప్పుకున్నాక, దాని మూలంగా నిద్ర, పని, సరదా పోయి డిప్రెషన్ వచ్చిందని వైద్యుడు కారణాలతో రాసిస్తే, దాన్ని కూడా అనుబంధ వైకల్యంగా అంగీకరించవచ్చు. అవునన్నదానికీ కాదన్నదానికీ సాక్ష్యం సమానంగా ఉన్నప్పుడు మొగ్గు దరఖాస్తుదారు వైపే ఉండాలన్నది నిబంధన.

ఇక లెక్క. డిప్రెషన్‌కు 50, నడుముకు 40 వస్తే మొత్తం 90 కాదు. మొదటి 50 పోగా మిగిలిన 50లో 40 శాతం, అంటే 20 కలిపి 70 అవుతుంది. చూడటానికి అన్యాయంగా తోచినా, ఒక వైకల్యం కనీసం 40 ఉండి మొత్తం 70కి చేరినవారు, ఆ వైకల్యాల వల్లే నిలకడైన ఉద్యోగం చేయలేకపోతున్నామని 21-8940 ఫారం ద్వారా చూపగలిగితే, 100 శాతం వారికి ఇచ్చే పరిహారాన్నే పొందవచ్చు.