ఏ జ్వరం మీద నింద వేయాలి? వైరస్‌లు, హార్మోన్ గ్రంథులు

అందరికీ నమస్కారం.

పిల్లాడికి జ్వరం వస్తుంది. వారం తిరక్కుండానే షుగర్ నాలుగు వందలు దాటుతుంది. ఆ జ్వరమే దీన్ని తెచ్చిపెట్టిందని ఇంట్లోవాళ్లు అనుకోవడం సహజం. టైప్ 1 డయాబెటిస్ విషయంలో ఆ లెక్క దాదాపు ఎప్పుడూ తప్పుతుంది. వైరస్‌కు ఇందులో పాత్ర ఉందనడానికి బలమైన ఆధారాలే ఉన్నాయి. కానీ అనుమానించాల్సింది నిన్నటి జ్వరాన్ని కాదు, నెలల కిందటో ఏళ్ల కిందటో వచ్చిపోయి ఎవరికీ గుర్తులేని ఇన్ఫెక్షన్‌ని.

ఎందుకంటే టైప్ 1 ఒక్కరోజులో వచ్చే జబ్బు కాదు. రోగనిరోధక వ్యవస్థ క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను మెల్లగా తినేస్తుంది. లక్షణాలు కనిపించడానికి చాలా ముందే రక్తంలో యాంటీబాడీలు తేలతాయి: ఇన్సులిన్ మీద, ఇంకా బీటా కణాల్లో ఉండే ప్రోటీన్లైన జీఏడీ 65, ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8 మీద. వీటిలో రెండో అంతకంటే ఎక్కువో ఉండి షుగర్ మామూలుగా ఉంటే మొదటి దశ, షుగర్ తేడా పడితే రెండో దశ. దాహం, అతిమూత్రం, బరువు తగ్గడం కనిపించేది మూడో దశలోనే. రెండు యాంటీబాడీలున్న పిల్లల్లో పదేళ్లలో సుమారు 70 శాతం మంది అక్కడికి చేరతారు. ఆ అంచున ఉన్న పిల్లాడికి ఫ్లూ వస్తే ఒత్తిడి హార్మోన్లైన కార్టిసాల్, అడ్రినలిన్ పెరిగి ఇన్సులిన్ అవసరం ఎక్కువవుతుంది. మిగిలిన కాసిని బీటా కణాలు ఆ బరువు మోయలేవు. ఫ్లూ జబ్బును బయటపెట్టింది, అంతే.

మరి అసలు నిప్పు ఎక్కడ అంటుకుంటుంది? ఎక్కువ అనుమానం పేగుల్లో పెరిగే ఎంటెరోవైరస్‌ల మీద, అందులోనూ కాక్సాకీ బి రకాల మీద. ఈ వైరస్‌లు కణంలోకి దూరడానికి వాడుకునే గ్రాహకం బీటా కణాల్లో, అదీ ఇన్సులిన్ నిల్వ ఉండే రేణువుల దగ్గర, సమృద్ధిగా ఉంటుంది. తలుపు అక్కడే ఉందన్నమాట. 1979లో, డయాబెటిస్ బయటపడిన కొద్ది రోజులకే చనిపోయిన ఒక పిల్లాడి క్లోమం నుంచి కాక్సాకీ బి4 వైరస్‌ను వేరుచేసి ఎలుకల్లోకి ఎక్కించారు. వాటికీ షుగర్ పెరిగింది. అది ఒక్క కేసే. అయితే జన్యుపరంగా ముప్పున్న పిల్లలను నాలుగు దేశాల్లో పుట్టినప్పటి నుంచీ గమనిస్తున్న టెడీ అధ్యయనం 2019లో ఒక ముఖ్యమైన సంగతి చెప్పింది. వచ్చి వెంటనే తగ్గిపోయే ఎంటెరోవైరస్ ఇన్ఫెక్షన్లకు యాంటీబాడీలతో పెద్దగా సంబంధం కనిపించలేదు. ఒకే వైరస్ మలంలో చాలా రోజులపాటు కనిపిస్తూ వచ్చిన పిల్లల్లో ఆ సంబంధం కనిపించింది.

ఇక వైరస్ ఈ పని ఎలా చేస్తుందన్నది. వైరస్ ప్రోటీన్, మన ప్రోటీన్ ఒకేలా ఉండటం వల్ల రోగనిరోధక సైన్యం పొరబడుతుందనే వివరణ మీరు వినే ఉంటారు. కాక్సాకీ వైరస్‌లోని ఒక ప్రోటీన్ ముక్కకూ జీఏడీ 65కూ పోలిక ఉన్న మాట నిజమే. కథ బాగుంది, కానీ ఆధారాలు దానికి ఇచ్చినంత ప్రచారానికి తగినన్ని లేవు. నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది ఇంటర్‌ఫెరాన్. వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్‌ను విడుదల చేస్తుంది. దాంతో బీటా కణాల పైన హెచ్ఎల్ఏ క్లాస్ 1 అణువులు విపరీతంగా పెరుగుతాయి. అవి కణంలోని ప్రోటీన్ తునకలను బయట ప్రదర్శించి, దాడి చేసే రోగనిరోధక కణాలైన టీ కణాల కళ్లలో పడేస్తాయి. ఇంకో రుజువు జన్యువుల్లో ఉంది. కణం లోపల వైరస్‌ను పసిగట్టే ఎండీఏ 5 అనే ప్రోటీన్ పనిని తగ్గించే అరుదైన జన్యుమార్పులు ఉన్నవాళ్లకు టైప్ 1 ముప్పు తక్కువ. ఈ సంగతి 2009లో తేలింది. అంటే వైరస్ చేసే నష్టం కంటే, దానిపై మన శరీరం చేసే అతి హడావిడే ఎక్కువ చేటు తెస్తుందని అనుకోవాలి.

థైరాయిడ్‌లో ఇదే మాటకు అనుకోని ప్రయోగం జరిగింది. హెపటైటిస్ సీకి ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా ఇంజెక్షన్లు ఇచ్చిన కాలంలో కొందరికి థైరాయిడ్ మందగించే హషిమోటో, ఇంకొందరికి అది అతిగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధి వచ్చాయి. అందుకే ఆ మందు మొదలుపెట్టే ముందు, వాడుతున్నన్నాళ్లూ థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ హార్మోన్ చూసేవారు.

ఇక్కడ ఒక జబ్బును విడదీసి చూడాలి, ఎందుకంటే చికిత్స తారుమారయ్యేది ఇక్కడే. జలుబు, జ్వరం తగ్గిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో మెడ ముందుభాగం ముట్టుకోనివ్వనంత నొప్పి, అది దవడకో చెవికో పాకడం, గుండెదడ: ఇది సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్. ఈ ఒక్కదానిలో ఇటీవలి జ్వరం మీద నింద వేయొచ్చు. ఇది అసలైన ఆటోఇమ్యూన్ జబ్బు, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు, కాదు. రక్తంలో వాపును చూపే ఈఎస్ఆర్ బాగా పెరుగుతుంది, స్కాన్‌లో గ్రంథి అయోడిన్‌ను దాదాపు తీసుకోదు. గ్రంథి హార్మోన్‌ను కొత్తగా తయారుచేయడం లేదు, నిల్వ ఉన్నది కారిపోతోంది. కాబట్టి తయారీని ఆపే కార్బిమజోల్ ఇక్కడ దండగ. నొప్పి మాత్రలు, దడకు ప్రొప్రనొలాల్, తగ్గకపోతే రోజుకు 15 నుంచి 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ ఇస్తారు. రెండు రోజుల్లో నొప్పి మాయమైందని స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే తిరగబెడుతుంది, కొన్ని వారాలపాటు తగ్గిస్తూ పోవాలి. గ్రేవ్స్ అయితే అయోడిన్ గ్రహణం ఎక్కువ, టీఎస్‌హెచ్ గ్రాహకంపై యాంటీబాడీలు ఉంటాయి. పరీక్షకు ముందు జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు కనీసం రెండు రోజులు మానాలి. లేదంటే రిపోర్టు గ్రేవ్స్ ఉన్నట్టే అబద్ధం చెప్పగలదు.

టీకాల గురించి ఎవరైనా అడుగుతారు, ముందే చెప్తాను. తల్లి కడుపులో రుబెల్లా సోకిన పిల్లల్లో డయాబెటిస్, థైరాయిడ్ జబ్బులు ఎక్కువ. దాన్ని ఆపేది రుబెల్లా టీకాయే. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్ టీకా టైప్ 1 తెస్తుందన్న భయానికి పెద్ద అధ్యయనాల్లో ఆధారం దొరకలేదు.

చివరగా, కిడ్నీల మీద ఉండి కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు. ఈ గ్రంథులు దెబ్బతిని కార్టిసాల్ తగ్గిపోయే యాడిసన్స్‌ను ఫలానా వైరస్ తెస్తుందని చెప్పలేం గానీ, ఆ జబ్బు ఉన్నవారికి ఏ వైరల్ జ్వరమైనా ప్రమాదమే. జ్వరం వస్తే, కార్టిసాల్‌కు బదులుగా వాడే హైడ్రోకార్టిసోన్ మోతాదు రెట్టింపు చేయాలి. వాంతులై మాత్ర నిలవకపోతే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. హషిమోటో, యాడిసన్స్ రెండూ ఉన్నవారికి ముందు థైరాయిడ్ హార్మోన్ మాత్ర థైరాక్సిన్ మొదలుపెడితే, ఉన్న కాస్త కార్టిసాల్ ఇంకా త్వరగా ఖర్చయి మనిషి కుప్పకూలవచ్చు. అందుకే అనుమానం ఉన్నచోట మొదట కార్టిసాల్ చూసి, లోటు ఉంటే అది భర్తీ చేశాకే థైరాక్సిన్ ఇస్తారు.