25 గంటల రోజు: మహాసముద్రం దాటే క్రూయిజ్ నౌకలో ఒక వారం

నమస్కారం. క్రూయిజ్ నౌక అనగానే రోజుకొక రేవు, రేవుకొక ఊరు, చీకటి పడేసరికి మళ్ళీ ఓడెక్కడం మనకు గుర్తుకొస్తాయి. ఈరోజు నేను చెప్పబోయే ప్రయాణంలో ఆ రేవులేవీ ఉండవు. ఒక తీరం విడిచాక వారం రోజుల పాటు మరో తీరం కంటపడని ప్రయాణమిది. అటువంటి వారంలో ఓడ మీద మనుషులు ఎలా బతుకుతారో, వాళ్ళ గడియారాలకు ఏమవుతుందో వివరంగా చూద్దాం.

ఈ తరహా ప్రయాణానికి నేడు అందరికీ తెలిసిన దారి ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు వెళ్ళేది. 2004 జనవరిలో తొలి ప్రయాణం చేసిన 345 మీటర్ల పొడవైన క్వీన్ మేరీ 2 ఈ దారిలో వేళాపట్టిక ప్రకారం తిరుగుతుంది. దూరం 3,000 నాటికల్ మైళ్ళకు పైమాటే, సాధారణంగా ఏడు రాత్రుల ప్రయాణం. మిగతా క్రూయిజ్ నౌకలు ఎక్కువగా కాలం మారినప్పుడు మాత్రమే అట్లాంటిక్ దాటుతాయి: వసంతంలో కరీబియన్ నుంచి యూరప్‌కు, శరత్తులో యూరప్ నుంచి కరీబియన్‌కు. 1952లో యునైటెడ్ స్టేట్స్ అనే నౌక 3 రోజుల 10 గంటల 40 నిమిషాల్లో ఈ మహాసముద్రాన్ని దాటింది. మరి ఇప్పుడు ఏడు రాత్రులు ఎందుకు పడుతున్నాయి? తొందర ఉన్నవాళ్ళను 1958 నుంచి జెట్ విమానాలు తీసుకుపోయాయి కాబట్టి, ఓడకు ఇక ఎవరితోనూ పందెం లేదు. పైగా ఓడ వేగం కాస్త పెంచాలంటే ఇంధనం అంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. నా మట్టుకు నాకు ఈ నెమ్మదే ఈ ప్రయాణంలో అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

ఓడెక్కగానే ఎదురయ్యే మొదటి పని అత్యవసర విన్యాసం, అంటే మస్టర్ డ్రిల్. ఏడు పొట్టి కూతలు, వాటి వెంట ఒక పొడుగు కూత వినిపిస్తే ఎక్కడికి చేరాలో, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో అప్పుడే నేర్పుతారు. పూర్వం ఓడెక్కిన 24 గంటల్లోగా దీనిని జరిపితే సరిపోయేది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా నౌక బండను ఢీకొని ఒరిగిపోయి 32 మంది చనిపోయినప్పుడు, ఆ సాయంత్రమే ఎక్కిన వందల మందికి ఇంకా ఆ శిక్షణ అందలేదు. ఆ తర్వాత అంతర్జాతీయ నిబంధన మారింది. 2015 నుంచి ఓడ కదలక ముందే గానీ, కదిలిన వెంటనే గానీ ఈ విన్యాసం పూర్తి కావాలి. దీనిని విసుక్కోకుండా శ్రద్ధగా వినండి, ఎందుకంటే నడిసముద్రంలో సాయం రావడానికి చాలా సమయం పడుతుంది.

ఇక గడియారం సంగతికి వద్దాం. సౌతాంప్టన్‌కూ న్యూయార్క్‌కూ మధ్య కాలంలో అయిదు గంటల తేడా ఉంది. విమానంలో ఆ తేడా మొత్తం ఒక్కసారిగా మన మీద పడుతుంది, రెండు మూడు రోజులు నిద్ర చెదురుతుంది. ఓడలో పడమటికి వెళ్ళేటప్పుడు వారంలో అయిదు రాత్రులు గడియారాన్ని ఒక్కొక్క గంట వెనక్కి తిప్పుతారు. ఆ సంగతి రాత్రి క్యాబిన్‌లో ఉంచే మరునాటి కార్యక్రమాల కాగితంలో రాసి ఉంటుంది. అంటే ఆ అయిదు రోజులకూ రోజుకు 25 గంటలు! శరీరానికి తెలియకుండానే కొత్త కాలం అలవాటైపోతుంది. రేవులూ ఊళ్ళూ లేనందువల్ల రోజులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కూడా. అందుకే కొన్ని నౌకల్లో లిఫ్టులోని తివాచీ మీద ఆనాటి వారం పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. రాత్రిపూట సిబ్బంది దానిని చుట్టి తీసుకెళ్ళి, మరునాటి పేరున్నదాన్ని పరుస్తారు. ఉదయం లిఫ్టులో అడుగుపెట్టి కిందికి చూసేదాకా ఆ రోజు ఏ వారమో చాలామందికి గుర్తుండదు.

పగటి కార్యక్రమాలకు కొదవ ఉండదు: ఉపన్యాసాలు, నృత్య శిక్షణ, పేకాట, వ్యాయామశాల, సాయంత్రం నాటకమో సంగీతమో. క్వీన్ మేరీ 2లో పెద్ద గ్రంథాలయం ఉంది, నక్షత్రశాల ఉంది, పెంపుడు కుక్కలకు గదులు కూడా ఉన్నాయి. అయితే నాలుగో రోజు వచ్చేసరికి ఆ కార్యక్రమాల కాగితాన్ని పక్కన పెట్టి, డెక్ మీద కుర్చీలో దుప్పటి కప్పుకుని నీళ్ళను చూస్తూ కూర్చునేవాళ్ళు ఎక్కువవుతారు. అలాంటి రోజుకు ఒక గుర్తు మధ్యాహ్నం 12 గంటల ప్రకటన. ఓడను నడిపే గది అయిన బ్రిడ్జి నుంచి కెప్టెన్ గొంతు ఓడంతటా వినిపిస్తుంది. ఓడ ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర ఉందో, నిన్నటి నుంచి ఎన్ని మైళ్ళు వచ్చిందో, గాలి ఎటు నుంచి వీస్తోందో, అడుగున సముద్రం ఎంత లోతుందో ఆయన చెబుతుంటే భోజనశాలలో మాటలు ఆగిపోతాయి. నాలుగు వేల మీటర్ల లోతు నీటి మీద కూర్చుని సూప్ తాగుతున్నామని ఆ క్షణంలోనే తెలిసివస్తుంది. టైటానిక్ మునిగిన ప్రాంతం ఈ దారికి దూరం కాదు. దాని శకలాలు సుమారు 3,800 మీటర్ల లోతున ఉన్నాయి.

సముద్రం అన్ని రోజులూ ఒకేలా ఉండదు. ఉత్తర అట్లాంటిక్‌లో, ముఖ్యంగా చలికాలంలో, అలలు ఓడను గట్టిగానే కుదిపేస్తాయి. ఓడ పక్కల నుంచి రెక్కల్లా బయటికి చాచుకునే స్టెబిలైజర్లు పక్కలకు ఊగడాన్ని చాలావరకు తగ్గిస్తాయి గానీ, ముందు భాగం ఎత్తుగా లేచి కిందికి పడటాన్ని ఆపలేవు. ఊపు ఎక్కువవుతుందని తెలియగానే ఈతకొలను మీద వల పరుస్తారు లేదా నీళ్ళు ఖాళీ చేస్తారు. బయటి డెక్‌ల తలుపులు మూస్తారు, మెట్ల దగ్గర కాగితపు సంచులు ప్రత్యక్షమవుతాయి. పళ్ళాలు జారిపోకుండా బల్ల మీది గుడ్డను నీళ్ళతో తడిపే పాత పద్ధతి కూడా ఓడవాళ్ళకు ఉంది. మన కళ్ళకు గది నిలకడగా కనిపిస్తుంటే చెవి లోపలి సమతుల్య అవయవం మాత్రం కదులుతున్నామని చెబుతుంది. ఈ రెండింటికీ పొసగకనే కడుపులో తిప్పుతుంది. క్యాబిన్ ఎంచుకునేటప్పుడే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో తీసుకుంటే కుదుపు తక్కువగా ఉంటుంది. ఇబ్బంది మొదలైతే బయటికి వచ్చి దిగంతరేఖను చూస్తూ నిలబడటం మేలు.

కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ ద్వీపం దగ్గర ఇంకొక అనుభవం ఎదురవుతుంది. వెచ్చని గల్ఫ్ స్ట్రీమ్, చల్లని లాబ్రడార్ ప్రవాహం కలిసే చోట పొగమంచు తెర దట్టంగా కమ్ముకుంటుంది. కనుచూపు మందగించినప్పుడు నడుస్తున్న ఓడ రెండు నిమిషాలకు మించని వ్యవధిలో ఒక పొడుగు కూత వేస్తూ ఉండాలని నిబంధన. పగలైనా రాత్రైనా మంచు విడిచేదాకా ఆ కూత ఆగదు. మొదట ఉలిక్కిపడతాం, తర్వాత లెక్కపెడతాం, చివరికి దాని మధ్యనే నిద్రపోతాం.

వారమంతా వండేదంతా రేవులో ఎక్కించినదే, దారిలో తెప్పించుకోవడానికి అంగడి లేదు. తాగునీటిని మాత్రం ఓడ సముద్రపు నీటి నుంచే తయారుచేసుకోగలదు. వైద్యశాల ఉంటుంది, వైద్యులు ఉంటారు. కానీ నడిసముద్రానికి హెలికాప్టర్ చేరలేదు కనుక పరిస్థితి విషమిస్తే ఓడే దారి మళ్ళాలి. దీర్ఘకాలిక జబ్బులున్నవారు మందులు కొన్ని రోజులకు అదనంగా వెంట తెచ్చుకోవడం తప్పనిసరి.

ఇంతవరకు ప్రయాణికుల సంగతి చెప్పాను. వాళ్ళు చూడని ఓడ ఇంకొకటి కింద ఉంది. చాలా నౌకల్లో ఓడ పొడవునా సాగే సిబ్బంది నడవను ఒక అమెరికన్ రహదారి పేరుతో ఐ-95 అని పిలుచుకుంటారు. సరుకుల బండ్లు, ఉతికిన దుప్పట్ల గుట్టలు, వంటవాళ్ళు, క్యాబిన్లు సర్దేవాళ్ళు అందరూ ఆ దారినే నడుస్తారు. వీళ్ళలో ఎక్కువమంది నెలల తరబడి ఒప్పందాల మీద, వారాంతపు సెలవు లేకుండా పనిచేస్తారు. 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం ఓడ మీద పనిచేసేవారికి 24 గంటల్లో కనీసం 10 గంటలు, ఏడు రోజుల్లో కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ లెక్కను బట్టే వాళ్ళ పని ఎంత బరువైనదో మనకు అర్థమవుతుంది. గడియారం వెనక్కి తిరిగిన రాత్రి ప్రయాణికుడికి దొరికే అదనపు గంట విలాసం అయితే, తెల్లవారుజామున రొట్టెలు కాల్చేవాడికి అది కళ్ళు మూసుకునే గంట. తూర్పుకు వెళ్ళే ప్రయాణంలో గడియారం ముందుకు జరుగుతుంది, రోజుకు 23 గంటలే మిగులుతాయి. ఆ గంటను నిద్రలోంచి కోయకుండా కొన్ని ప్రయాణాల్లో మధ్యాహ్నం 12ను నేరుగా 1 చేసేస్తారు. ఎవరు ఆలోచించారో గానీ, దయగల ఆలోచన అది.

ఆఖరి రోజు తెల్లవారకముందే డెక్ మీద జనం గుమిగూడతారు. న్యూయార్క్ ముఖద్వారంలో వెరజానో వంతెన ఉంది. క్వీన్ మేరీ 2 పొగగొట్టం ఎత్తును దాని కింద పట్టేలా నిర్ణయించారు. కింద నిలబడి చూస్తే పొగగొట్టం ఉక్కు దూలాలకు తగులుతుందేమోనని అందరూ ఊపిరి బిగబడతారు. కాసేపటికి రేవు, సామాన్లు, సెలవులు. మధ్యాహ్నానికి రెండువేల పైచిలుకు కొత్త ప్రయాణికులకు పడకలు సిద్ధమై ఉండాలి. ఆ సాయంత్రమే అదే సిబ్బందితో ఓడ తూర్పుకు కదులుతుంది. పడమటి దారిలో పొందిన అయిదు గంటలనూ వాళ్ళు ఇక ఒక్కొక్కటిగా తిరిగి ఇచ్చేయాలి.