అమెరికాలో మూడు నగరాలు, ఒక క్యాబిన్ సూట్‌కేసు: మూడు వారాల వాడకం తర్వాత నా రివ్యూ

ప్రేక్షకులందరికీ నమస్కారం. ఈ బల్ల మీద మీకు కనిపిస్తున్న నీలిరంగు క్యాబిన్ సూట్‌కేసును దాని తయారీ సంస్థ నాకు ఉచితంగా పంపింది. రివ్యూ కోసం నేను డబ్బు తీసుకోలేదు, ఈ వీడియోను ముందుగా వాళ్లకు చూపించనూ లేదు. అయితే మీకు ఇవ్వమని ఒక తగ్గింపు కోడ్ పంపారు, దాని సంగతి చివర్లో చెబుతాను. పెట్టె ధర, రంగులు, లోపలి అరల వివరాలు మీరు ఇప్పటికే ఎక్కడో చూసే ఉంటారు కనుక వాటిని మళ్లీ చదవడం లేదు. సెప్టెంబరు చివర్లో మా అమ్మను వెంటబెట్టుకుని న్యూయార్క్, వాషింగ్టన్, షికాగో నగరాలు చూడటానికి వెళ్లినప్పుడు, మూడు వారాల పాటు నా సామానంతా ఇందులోనే పెట్టుకుని తిరిగాను. ఆ అనుభవం మాత్రమే మీతో పంచుకుంటాను.

ఇంత దూరం వెళుతూ ఇంత చిన్న పెట్టె ఎందుకని మీకు అనిపించవచ్చు. 2016లో మొదటిసారి అమెరికా వెళ్లినప్పుడు మా ఇద్దరికీ కలిపి 23 కిలోల పెట్టెలు నాలుగు ఉన్నాయి. టికెట్ మీద అనుమతి ఉన్నది కదా అని నాలుగూ నింపాము. బంధువుల ఇంట్లో దిగి, వాళ్ల కారులో తిరిగి, అదే ఇంటి నుంచి వెనక్కి వచ్చే ప్రయాణానికి ఆ పద్ధతి సరిపోతుంది. ఒక నగరం నుంచి మరో నగరానికి రైలులోనో విమానంలోనో సొంతంగా వెళ్లాలనుకున్న రోజున మాత్రం ఆ నాలుగు పెట్టెలూ మమ్మల్ని కదలనివ్వలేదు. అందుకని ఈసారి పచ్చళ్లు, పొడులు, పిల్లల బట్టలు అన్నీ ఒకే పెద్ద పెట్టెలో సర్ది, దాన్ని న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా పిన్ని కూతురి ఇంట్లో దింపేసి, అక్కడి నుంచి తలా ఒక క్యాబిన్ పెట్టెతో బయలుదేరాము. టికెట్ కూడా న్యూయార్క్‌లో దిగి షికాగో నుంచి తిరిగి వచ్చేలా తీసుకున్నాము. ఒక నగరంలో దిగి వేరే నగరం నుంచి తిరిగి వచ్చే మల్టీ సిటీ టికెట్ తీసుకుంటే వెళ్లిన దారినే వెనక్కి రావలసిన పని ఉండదు. మూడు వారాలకు ఏడు జతల బట్టలు చాలు. చిల్లర నాణేలతో నడిచే లాండ్రీలు ఆ నగరాల్లో చాలాచోట్ల ఉంటాయి, వాటి కోసం 25 సెంట్ల నాణేలు దాచుకోండి.

ఇక పెట్టె విషయానికి వస్తే, ముందుగా దీని చక్రాలను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. న్యూయార్క్ కాలిబాటల మీద, పగిలిన సిమెంటు పలకల మీద కూడా ఇవి ఎక్కడా పట్టేయలేదు. బరువు తక్కువ కావడం అంతకన్నా పెద్ద మేలు. న్యూయార్క్ సబ్‌వేలో ఉన్న 472 స్టేషన్లలో చాలావాటికి లిఫ్టు లేదు. అక్కడ చక్రాలు ఎంత నునుపుగా తిరిగినా ప్రయోజనం లేదు, పెట్టెను చేత్తో ఎత్తుకుని రెండేసి అంతస్తుల మెట్లు ఎక్కవలసిందే. నేను రెండు చేతులా రెండు పెట్టెలు పట్టుకుని ఎక్కగలిగానంటే అవి తేలికైనవి కావడమే కారణం. సబ్‌వేకు వేరే టికెట్ కొనవలసిన పని లేదు, మన బ్యాంకు కార్డును గేటు దగ్గర తాకిస్తే చాలు. ఏడు రోజుల్లో ఒకే కార్డుతో పన్నెండు ప్రయాణాలు చేస్తే ఆ వారంలో మిగిలినవి ఉచితం కాబట్టి, ఇద్దరూ ఎవరి కార్డును వాళ్లే, మొదటి నుంచీ అదే కార్డును వాడాలి. ఆ కార్డు విదేశాల్లో పనిచేసేలా బ్యాంకు యాప్‌లో ముందే మార్చుకోవడం మరచిపోవద్దు.

వెళ్లేటప్పుడు మేము అబుదాబి మీదుగా వెళ్లాము. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు ఆ విమానాశ్రయంలోనే పూర్తవుతాయి. న్యూయార్క్‌లో దిగాక దేశీయ ప్రయాణికుల్లాగా నేరుగా బయటికి వచ్చేస్తాము. పదహారు గంటలు కూర్చున్న అరవై ఆరేళ్ల మనిషిని మళ్లీ వరుసలో నిలబెట్టే అవసరం లేకపోవడం నాకు చాలా ఊరటనిచ్చింది. ఈ సౌకర్యం లేని దారిలో వెళ్లి, అమెరికాలో మరో విమానం ఎక్కేవాళ్లు సాధారణంగా అక్కడ దిగిన మొదటి విమానాశ్రయంలోనే పెద్ద పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించవలసి ఉంటుంది కనుక విమానాల మధ్య వ్యవధి ఎక్కువగా ఉంచుకోండి.

తినే వస్తువులు ఏమున్నాయో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కూరగాయల పచ్చళ్లు, పొడులు చెప్పి తీసుకువెళ్లాము, ఇబ్బంది రాలేదు. మాంసం పచ్చళ్లు మాత్రం పెట్టుకోవద్దు. మా అమ్మ కాగితంలో చుట్టిపెట్టిన కరివేపాకును నేను హైదరాబాద్‌లోనే తీయించాను. నిమ్మ, నారింజ జాతి తోటలను నాశనం చేసే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు చెట్టు మీద కూడా బతుకుతుంది. అందుకే తాజా కరివేపాకును ఆ దేశం రానివ్వదు. ఒక రెబ్బ వల్ల ఏమవుతుందని మా అమ్మ నొచ్చుకున్నది కానీ, ఆ కారణం విన్నాక తనే తీసి పక్కన పెట్టింది.

ఇప్పుడు ఈ వీడియో చేయడానికి అసలు కారణమైన విషయం చెబుతాను. ఈ పెట్టె చుట్టూ మధ్యలో ఉన్న రెండో జిప్పును దగ్గరగా చూడండి. దాన్ని తెరిస్తే పెట్టె మందం మరో ఐదు సెంటీమీటర్లు పెరుగుతుంది. ప్రకటనల్లో దీన్నే గొప్ప సౌకర్యంగా చూపిస్తారు. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియాలకు ప్రవేశ రుసుము లేదు. ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియానికి మాత్రం మేము వెళ్లే సమయాన్ని ముందే బుక్ చేసుకోవలసి వచ్చింది. అక్కడి దుకాణంలో మా మేనల్లుడికి రెండు పుస్తకాలు, ఒక రాకెట్ బొమ్మ కొన్నాము. అవి పట్టడానికి ఈ జిప్పు తెరిచాను. మర్నాడు షికాగో విమానం ఎక్కబోతుండగా గేటు దగ్గర ఉద్యోగి నా పెట్టెను కొలత చూసే ఇనుప చట్రంలో పెట్టమన్నారు, అది సగం కూడా దిగలేదు.

రుసుము కట్టి పెట్టెను కింది సామానులోకి పంపవలసి వచ్చింది. డబ్బు పోయినందుకు నాకు అంత బాధ లేదు. పవర్ బ్యాంకులు కింది సామానులో వెళ్లకూడదు, మా అమ్మ రక్తపోటు మాత్రలు దగ్గర ఉండాలి, పాస్‌పోర్టు నకళ్లు కూడా అందులోనే ఉన్నాయి. వెనక వరుస కదులుతుండగా, నేల మీద పెట్టె తెరిచి, నా బట్టలన్నీ అందరి ముందూ తీసి, ఒక్కొక్కటే వెతికి అమ్మ చేతిలో పెట్టాను. మా అమ్మ ఆ వస్తువులను కొంగులో పట్టుకుని కంగారుగా నిలబడిన దృశ్యం నాకు ఇంకా కళ్ల ముందే ఉన్నది.

షికాగోలో హోటల్‌కు చేరగానే టేపు తీసుకుని కొలిచాను. ఆ రెండో జిప్పు మూసి ఉన్నప్పుడు దీని కొలతలు 55, 35, 25 సెంటీమీటర్లు. మూడూ కలిపితే 115. మన దేశంలో కొన్ని విమాన సంస్థలు ఈ మొత్తాన్నే చూస్తాయి కాబట్టి ఇక్కడ ఏ గొడవా రాదు. అమెరికాలో పెద్ద సంస్థల లెక్క 22, 14, 9 అంగుళాలు. అవి కలిపినా దాదాపు 114 సెంటీమీటర్లే వస్తాయి కనుక రెండు లెక్కలూ ఒకటేననిపిస్తుంది. అయితే ఇనుప చట్రం మొత్తాన్ని కొలవదు, ఒక్కొక్క వైపునూ విడిగా కొలుస్తుంది. తొమ్మిది అంగుళాలంటే 23 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అంటే జిప్పు మూసి ఉన్నా ఈ పెట్టె రెండు సెంటీమీటర్లు మందమే, తెరిస్తే ఏడు. గట్టి ప్లాస్టిక్ పెట్టె కనుక ఎంత నొక్కినా లోపలికి పోదు. ఇంత చిన్న లెక్క తెలియక కాదు గదా, తెలిసీ దీని డబ్బా మీద అంతర్జాతీయ క్యాబిన్ సైజు అని అచ్చు వేయడం నాకు చాలా కోపం తెప్పించింది.

అదే గేటు దగ్గర మా అమ్మ పెట్టె ఏ ఇబ్బందీ లేకుండా చట్రంలో దిగింది. అది ఎన్నో ఏళ్ల క్రితం కోఠి సుల్తాన్ బజార్‌లో కొన్న మామూలు గుడ్డ పెట్టె. చక్రాలు రెండే, తాళం కూడా సరిగా పడదు. అయినా దాని మందం 22 సెంటీమీటర్లు, పైగా గుడ్డ కావడంతో అదిమితే లొంగుతుంది. మెట్ల మీద పట్టుకోవడానికి పక్కన కూడా ఒక పిడి ఉన్నది, కొత్త పెట్టెకు అది లేదు.

మిగతావి త్వరగా చెబుతాను. దీని తాళం టీఎస్ఏ తాళం, తనిఖీ అధికారులు తమ తాళంచెవితో తీసి చూడగలరు కాబట్టి పగలగొట్టే పని ఉండదు, అది మంచిదే. ఛార్జర్లు పెట్టుకునే అర బాగుంది. అక్కడ కరెంటు 120 వోల్టులే కనుక ఇంట్లోని మిక్సీ, రైస్ కుక్కర్ వంటివి తీసుకువెళ్లవద్దు. చవక దేశీయ టికెట్లలో కొన్నింటికి పైఅరలో పెట్టే పెట్టెకే అనుమతి ఉండదు, కొనేముందు చదువుకోండి. షికాగోలో ఓహేర్ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి బ్లూ లైన్ రైలు ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది, టాక్సీ అవసరం లేదు.

నా తీర్పు ఇది. బంధువుల ఇంటికి మాత్రమే వెళ్లేవాళ్లకు, మన దేశంలో తిరిగేవాళ్లకు ఈ పెట్టె చక్కగా పనికొస్తుంది. అమెరికాలో రెండు మూడు నగరాలు విమానాల్లో తిరగాలనుకునేవాళ్లు దీన్ని కొనవద్దని స్పష్టంగా చెబుతున్నాను. ఆ రెండు సెంటీమీటర్ల సంగతి ఆ సంస్థకు రాశాను, డబ్బా మీది మాట మార్చమని అడిగాను. వాళ్లు మార్చేవరకు ఆ తగ్గింపు కోడ్‌ను ఈ వీడియో కింద పెట్టను. ఏ పెట్టె కొన్నా దుకాణానికి టేపు తీసుకువెళ్లి, పెట్టె నింపితే ముందు అర ఉబ్బుతుందని గుర్తుంచుకుని, ముందుగా మందాన్నే కొలవండి.