చెంచాడు మూత్రం

శ్రోతలకు నమస్కారం. కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. కాళ్లు వాచేదాకా, ఆకలి చచ్చేదాకా చాలామందికి తెలియనే తెలియదు. అందుకే వెనకటి వైద్యులు మూత్రాన్ని అంత శ్రద్ధగా చూసేవారు.

ఆయుర్వేదంలో తైలబిందు పరీక్ష ఉంది. తెల్లవారుజామున మొదటి ధార వదిలేసి నడిమి ధార పడతారు. వెడల్పు పాత్రలో పోసి, కదలిక తగ్గాక నువ్వుల నూనె ఒక్క చుక్క వేస్తారు. చుక్క విచ్చుకుంటే సాధ్యం, కదలకుండా నిలిచిపోతే కష్టం, మునిగితే అసాధ్యం. రోగి కోలుకుంటాడా లేదా అన్న అంచనా ఇది. చెడింది కిడ్నీయేనా అంటే ఆ చుక్క చెప్పలేదు. నడిమి ధార పట్టాలన్న నియమం మాత్రం ఈనాటి ల్యాబులోనూ ఉంది!

ఇక నాకు భలే ఇష్టమైన చెంచా సంగతి. లండన్‌లో రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు ఒళ్లు వాచిన రోగుల మూత్రాన్ని వేడిచేసి చూసేవాడు. చెంచాడు మూత్రం, కింద కొవ్వొత్తి, అంతే. కాగేకొద్దీ కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టేది. అది ఆల్బుమిన్, రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్. అలాంటి రోగులు చనిపోయాక కోసి చూస్తే కిడ్నీలు పాడై ఉండేవి. 1827లో ఈ సంగతులు అచ్చువేశాడు. ఒక చిక్కుంది: ఫాస్ఫేట్లున్నా వేడికి మూత్రం తెల్లబడుతుంది. రెండు చుక్కలు ఎసిటిక్ యాసిడ్ వేస్తే ఫాస్ఫేట్లు కరిగి తేటపడుతుంది. ఆల్బుమిన్ అయితే కరగదు.

ఇవాళ ఆ చెంచా స్థానంలో ఉన్నది ఏసీఆర్, అంటే మూత్రంలో ఆల్బుమిన్‌కీ క్రియాటినిన్‌కీ నిష్పత్తి. క్రియాటినిన్ అంటే కండరాల్లో పుట్టి, కిడ్నీల ద్వారా బయటికి పోయే వ్యర్థం. గ్రాము క్రియాటినిన్‌కు ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాముల లోపుంటే మామూలు. 300 దాటితే ఎక్కువగా కారుతున్నట్టు. చాలామంది రక్తంలో క్రియాటినిన్ ఒక్కటే చేయించుకుని, బాగుందని ఊరుకుంటారు. అక్కడే పొరపాటు. కిడ్నీల పని సగం దాకా తగ్గినా ఆ అంకె మామూలుగానే కనిపించవచ్చు. కండ తక్కువున్న ముసలివాళ్లలో మరీను. ఆ క్రియాటినిన్ నుంచే, వయసు, స్త్రీపురుష భేదం లెక్కలోకి తీసుకుని కట్టే ఈజీఎఫ్ఆర్ కూడా చూడాలి; కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడుతున్నాయో చెప్పే అంచనా అది. అది మూడు నెలలకు పైగా 60 లోపే ఉంటే దీర్ఘకాలిక జబ్బే.

షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికోసారి రెండూ చేయించుకోండి: మూత్రంలో ఏసీఆర్, రక్తంలో క్రియాటినిన్. రెండూ! ఏసీఆర్‌కు పొద్దున లేవగానే వచ్చే మూత్రం మేలు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి ఉన్నప్పుడు, ముందురోజు బాగా వ్యాయామం చేసినప్పుడు ఇవ్వకండి, అంకె ఊరికే పెరుగుతుంది. 30 దాటిందని అప్పుడే బెంబేలెత్తవద్దు. మూడు నుంచి ఆరు నెలల్లో ఇంకో రెండుసార్లు చేయించి, మూడింట్లో రెండు ఎక్కువొస్తేనే జబ్బుగా లెక్కవేస్తారు.